నార్మలక్క

ఆస్పత్రి మూడో అంతస్తు, రక్తపరీక్షల గది, సోమవారం ఉదయం పదింబావు. సీనియర్ టెక్నీషియన్‌ని ఆస్పత్రంతా నార్మలక్క అంటుంది. ఎందుకంటుందో ఈ ఇద్దరి మాటల్లోనే తెలుస్తుంది. ఏడేళ్లుగా ఆమె పక్క బల్ల దగ్గర పనిచేస్తున్న అతను ఇప్పుడే తలుపు వేసి గడియ పెట్టాడు. అది ఆమెకు బొత్తిగా నచ్చలేదు.

"తలుపెందుకు వేశావు? బయట పదిమంది చేతులు చాపుకుని కూర్చున్నారు."

"రెండు నిమిషాలక్కా. కూర్చో."

"కూర్చునే పనైతే ఇంట్లోనే కూర్చునేదాన్ని. చెప్పు."

"ముందు నువ్వొకటి చెప్పు. మీ పాప పరుగు పరీక్ష ఎన్నింటికి?"

"పదకొండింటికి. నిన్నట్నుంచీ నీ చెవిలో జోరీగలా చెప్తూనే ఉన్నాను కదరా. ఐదు కిలోమీటర్లు, నెత్తిన హెల్మెట్టు, భుజాన నీళ్ళ పైపు. ఇదొక్కటీ గట్టెక్కితే ఫైరింజన్ ఉద్యోగం దాని చేతిలో పడ్డట్టే."

"ఎండలోనా?"

"మరి ఇళ్ళు తగలబడేది నీడ చూసుకునా? ఎండలోనే."

"వెళ్ళిందా?"

"వెళ్ళక? ఏడుపు ముఖం పెట్టుకునైనా వెళ్ళింది. మోకాళ్ళు పట్టేశాయంది. వేళ్ళు వంగట్లేదంది. ఒళ్ళు వెచ్చగా ఉందంది. ఎనిమిది నెలల్నుంచీ అదే పాట. బడికి వెళ్ళనని మారాం చేసే వయసా? ఇరవై రెండేళ్ళొచ్చాయి."

"మరి నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఫ్రిజ్ వైపు చూపించాను."

"ఫ్రిజ్ ఏంటి?"

"నాలుగు నెలల క్రితం మనం చేసిన పరీక్ష కాగితం. ఫ్రిజ్ తలుపుకి అంటించాను. నువ్వే కదా చేశావు, శుభ్రంగా నార్మలని వచ్చింది. అది మూలిగినప్పుడల్లా, వెళ్ళి చదువుకోమంటాను."

"అంటించావా..."

"అయస్కాంతం పెట్టి మరీ. ఎందుకలా చూస్తావు?"

"అక్కా, పాపకి ఫోన్ చెయ్."

"ఎందుకు?"

"పరిగెత్తొద్దని చెప్పు."

"నీకేమైనా మతి పోయిందా?"

"పోలేదు. నువ్వు ఫోన్ చేస్తూ ఉండు, నేను చెప్తూ ఉంటాను."

"ముందు చెప్పు, తర్వాత చేస్తాను. దాని ఏడాది కష్టం అది. నీ మాట మీద ఆపేస్తానా?"

"సరే. శుక్రవారం ఒకాయన వచ్చాడు, గుర్తుందా? కుస్తీ నేర్పుతాడే. వాళ్ళ అన్నకి ఈ కీళ్ళ జబ్బుంటే తమ్ముడికీ చూడమని డాక్టరు పంపారు."

"ఆ, గుమ్మంలో పట్టలేదు మనిషి. అయితే?"

"అతని ఇంటర్‌ఫెరాన్ ఎంతొచ్చిందో చూశావా?"

"తక్కువొచ్చింది. సంతకం పెట్టి పంపేశాను."

"తక్కువ కాదక్కా. సున్నా పాయింట్ సున్నా ఏడు. మామూలు మనిషిలో పదో వంతు కూడా లేదు."

"ఆరోగ్యంగా ఉన్నాడు, తక్కువొచ్చింది. సంతోషించక దానికీ ఏడుస్తావా?"

"రెండు నెలల్లో అలా ఆరుగురు. అంత తక్కువ ఎలా ఉంటుంది? ఆరుగురికీ?"

"కిట్టు పాడై ఉంటుంది."

"కొత్త పెట్టె తెరిచాను. అంతే వచ్చింది."

"అయితే మిషను."

"మిషను వాళ్ళొచ్చి చూసి వెళ్ళారు. బాగానే ఉంది."

"మరింక నీ చెయ్యి. పిపెట్టు పట్టుకున్నప్పుడు నీ బుర్ర ఎక్కడుంటుందో నీకే తెలియదు."

"నా చెయ్యేనేమోనని మూడుసార్లు చేశాను. శుక్రవారం ఒకసారి, శనివారం ఒకసారి, ఇవాళ పొద్దున ఆరింటికొచ్చి ఇంకోసారి."

"ఆరింటికా? నువ్వా? పదింటికి రమ్మంటే పదిన్నరకొచ్చే నువ్వా?"

"అక్కా, ఈ పరీక్షకి సొంత అంకె లేదు కదా. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంలో ఎంతుందో దాన్ని ఒకటి అనుకుంటాం. పేషంటుది దానికి ఎన్ని రెట్లుందో చెప్తాం."

"నాకు పాఠం చెప్తున్నావా? నీకు నేర్పిందే నేను."

"అందుకే నీకు చెప్తున్నాను. ఆ ఒకటి ఎవరు?"

"ఎవరేంటి, నేనే."

"ఎప్పట్నుంచి?"

"ఈ గది తెరిచినప్పట్నుంచి. పదకొండేళ్ళు. మీలో ఒక్కరన్నా చెయ్యి చాపితే కదా? నీకు సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి. కౌంటర్లో పిల్లకి రక్తమంటే వాంతి. పెద్ద డాక్టరుగారు ఆరోగ్యవంతులెవరని అడిగితే అందరూ తలలు దించుకున్నారు. నేను చెయ్యి పెట్టాను. పదకొండేళ్ళలో ఒక్క సిక్ లీవు లేదు. ఆయనే అన్నారు, నార్మలంటే ఈవిడేనని. ఊరికే వచ్చిందా ఆ పేరు?"

"పదిమంది రక్తం కలిపి పెట్టుకోవాలని పుస్తకంలో ఉంది."

"పుస్తకం రాసినాయన వచ్చి గుచ్చించుకుంటాడా?"

"అక్కా, నిన్ను ఒకటి అనుకుంటే, నువ్వెంత పెరిగినా ఒకటే. నువ్వు పెరిగినట్టు ఏ కాగితంలోనూ కనపడదు. మిగతావాళ్ళు తగ్గినట్టు కనపడతారు. అర్థమైందా?"

"నాకర్థం కానిదేముంది? అసలేం అనాలనుకుంటున్నావో అది అను. నసక్కు."

"శనివారం నా రక్తం తీశాను. గేటు దగ్గర వాచ్‌మన్‌ది, మెట్లు కడిగే ఆవిడది, క్యాంటీన్ ఆయనది. నలుగురివీ పక్కపక్కన పెట్టి చూశాను. నలుగురం ఇంచుమించు ఒక్కలాగే ఉన్నాం."

"నీ రక్తం నువ్వే తీసుకున్నావా?"

"తీసుకున్నాను. పడిపోయాను. మెట్లు కడిగే ఆవిడ బకెట్లో నీళ్ళు ముఖాన కొట్టింది."

"హుఁ. మరి నేను?"

"ముందు ఫోన్ చెయ్యక్కా, పదిన్నరవుతోంది."

"నేనెంతరా?"

"తర్వాత చెప్తాను."

"ఇప్పుడే చెప్తావు."

"పద్నాలుగు."

"పద్నాలుగేంటి?"

"మా కన్నా పద్నాలుగు రెట్లు."

"జలుబు."

"అక్కా..."

"జలుబేరా. పోయిన వారమంతా తుమ్ములు. వైరస్ ఒంట్లో దూరితే, అది దూరిన కణం ఊరుకుంటుందా? నన్ను పట్టేసింది, మీరు తలుపులేసుకోండని చుట్టుపక్కల కణాలకి కబురు పెడుతుంది. ఆ కబురే ఇంటర్‌ఫెరాన్. నాలుగు రోజులకి జలుబు తగ్గుతుంది, అదీ తగ్గుతుంది. నెత్తీ నోరూ కొట్టుకుని పేషంట్లకి రోజూ ఇదే చెప్తాను, నీకూ చెప్పాలా?"

"చెప్పొద్దు. నాకు కంఠతా వచ్చు. నువ్వు దాని తర్వాత ఇంకో మాట కూడా చెప్తావు కదా. కొందరికి వైరస్ పోయినా, అసలు రాకపోయినా, ఆ కబురు ఆగదు. మోగుతూనే ఉంటుంది. కాపలాకున్న కణాలు దొంగ దొరక్క ఇంట్లోవాళ్ళనే చితక్కొడతాయి. కీళ్ళని, చర్మాన్ని, మూత్రపిండాల్ని."

"అది జబ్బున్నవాళ్ళకి. నాకు జలుబు."

"ఏడాదిగానా?"

"ఏడాదని ఎవడన్నాడు?"

"ఫ్రీజర్ అంది. నెలకొకటి చొప్పున నీ ట్యూబులు దాస్తావు కదా, నీ చేతిరాతతో తేదీ వేసి. అన్నీ బయటికి తీశాను. పోయిన వానాకాలం దాకా నువ్వూ మాలాగే ఉన్నావు. ఆ తర్వాత మూడు. ఐదు. తొమ్మిది. ఇప్పుడు పద్నాలుగు."

"నా ట్యూబులు నన్నడక్కుండా తీశావా?"

"తీశాను."

"కరిగించేశావా అన్నీ?"

"కొంచెం కొంచెం తీసి మళ్ళీ పెట్టేశాను. తిట్టేదేదో రేపు తిట్టు."

"శుక్రవారమే అనుమానం వచ్చిందన్నావు. శనివారం సాయంత్రం మా ఇంటికొచ్చావు. నా కూతురు ఎదురుగా కూర్చుని కాళ్ళకి నూనె రాసుకుంటోంది. నువ్వు నవ్వుతూ, ఏమ్మా మంటలార్పే అమ్మాయీ అని ఆటపట్టించి వెళ్ళావు. నోరు మెదపలేదేం?"

"అప్పటికి నీదే చూశాను. పాపది చూడలేదు."

"పాపది ఏంట్రా?"

"పాపకి నాలుగు నెలల క్రితం ఎంతొచ్చింది? ఫ్రిజ్ మీదున్న కాగితంలో?"

"ఒకటింబావు. కంఠతా వచ్చు నాకది. ఒకటింబావు అంటే నార్మల్."

"ఒకటింబావు, ఎవరికి ఒకటింబావు రెట్లు? ఆ నెల నువ్వు తొమ్మిదక్కా."

"ఆగు."

"దాని పాత ట్యూబు కూడా ఉంది. పొద్దున మా నలుగురితో పోల్చి..."

"ఆగమన్నానా."

"ఆగితే టైము ఆగదు. పదకొండు రెట్లని ఇప్పుడే తేలింది."

"పదకొండు."

"పదకొండు. నేనే చేశాను అప్పుడూ. నేనే నార్మలని టైపు కొట్టాను. నీ ఒక్కదానిదే తప్పనట్లేదు."

"మోకాళ్ళు పట్టేశాయని ఎనిమిది నెలల్నుంచి చెప్తోంది."

"తెలుసు."

"నీకేం తెలుసు? పొద్దున బూటు లేసు ముడెయ్యలేక మంచమ్మీద కూర్చుంది. వేళ్ళు అలా పెట్టుకుని చూస్తోంది. వేషాలనుకున్నాను. నేనే వంగి కట్టాను. కట్టి, లేవమని భుజం పట్టుకుని గేటు దాకా తోసుకెళ్ళాను. వెనక్కి తిరిగి చూస్తే కూడా కసిరాను."

"ఫోన్ చెయ్యక్కా."

"ఈ జబ్బుకి ఎండ పడదు. అది కూడా నేనే చెప్తాను పేషంట్లకి. ఎండ తగిలితే కణాలు దెబ్బతిని ఇంకా రెచ్చిపోతుంది, గొడుగు లేకుండా బయటికి రావద్దని. గొడుగు కూడా ఎలాంటిదో చెప్తాను. నా పిల్లనేమో నెత్తిన హెల్మెట్టు పెట్టి..."

"అక్కా. ఫోను."

"చేస్తున్నాను కదా. చేతులాడి చస్తేనా. ఇదిగో... స్విచాఫ్."

"మళ్ళీ చెయ్."

"స్విచాఫ్ అంటే మళ్ళీ చేస్తే ఆన్ అవుతుందా? మైదానంలో ఫోన్లు తీసేసుకుంటారు. ఎన్నయింది?"

"పదీ ముప్పై ఐదు. వాళ్ళ ఆఫీసు నంబరుందా?"

"హాల్ టికెట్టు ఫొటో ఉంది చూడు. నా ఫోన్లో. కళ్ళు మసకేస్తున్నాయి, నువ్వు చూడు."

"ఇదిగో ఉంది. నేను చేస్తాను. నువ్వు నీళ్ళు తాగు."

"నీళ్ళు కాదు, మోగుతోందా?"

"మోగుతోంది. హలో. సార్, ఇవాళ పరుగుకి వచ్చిన అమ్మాయి గురించి. ఆస్పత్రి నుంచి మాట్లాడుతున్నాను. అవునండీ, ఆస్పత్రే. నంబరు రెండు వందల పదమూడు. ఆ అమ్మాయిని పరిగెత్తనివ్వొద్దండీ. కారణమా, ఆరోగ్యం సార్. మాకిప్పుడే తెలిసింది. చూసి చెప్పండి, లైన్లోనే ఉంటాను."

"ఏమంటున్నాడు?"

"చూస్తానన్నాడు."

"నిమ్మకు నీరెత్తినట్టు చూస్తాడు వాడు. పరిగెత్తి చూడమను."

"ష్. ఆ, చెప్పండి సార్. అలాగా. రెండుసార్లా? సరే. సరే సార్, థాంక్స్."

"ఏంటి రెండుసార్లు?"

"అక్కా, కంగారు పడకు."

"పడతాను, ఏంటి రెండుసార్లు?"

"పేరు రెండుసార్లు పిలిచారట. రాలేదట. అసలు లోపలికి వచ్చినట్టు సంతకమే లేదట."

"రాలేదా?"

"రాలేదు."

"ఆరున్నరకి బయల్దేరింది. రెండు బస్సులు మారినా ఎనిమిదింటికి అక్కడుండాలి. రాలేదంటే?"

"ఎక్కడో ఆగి ఉంటుంది."

"ఎక్కడాగుతుంది? నాకు భయపడి కడుపునొప్పొచ్చినా కాలేజీకి పోయే పిల్ల అది. దారిలో పడిపోయి ఉంటుంది. బస్టాపులో. ఎవరు లేపుతారు దాన్ని? ఎవరైనా అడిగినా నాకేం లేదు, నార్మలే అని చెప్తుంది. నేనే నేర్పాను."

"పద, వెతుకుదాం. నా బండి కిందే ఉంది. ఆప్రన్ తీసెయ్."

"తీస్తున్నాను."

"గుండీలు విప్పనా?"

"నాకొచ్చు."

"అక్కా, నీ వేళ్ళు తెల్లగా అయిపోయాయి. సున్నం రాసినట్టున్నాయి."

"ఏసీ."

"ఏసీ శుక్రవారమే చెడిపోయింది."

"మరి భయం. నా వేళ్ళ సంగతి నీకెందుకిప్పుడు?"

"ముఖానికి అంత పౌడరెందుకు పూస్తున్నావు ఈ మధ్య?"

"అందానికి. తలుపు తీస్తావా, నేను బద్దలుకొట్టనా?"

"తీస్తాను. ఒక్క మాట. ఈ ఏడాదిలో నార్మలని రాసి పంపినవాళ్ళు ఇంకో నలభైమంది ఉన్నారు."

"నలభై ఒకటి. లెక్క నువ్వు చెప్తుండగానే వేసుకున్నాను. ఒక్కొక్కళ్ళకీ నేనే ఫోన్ చేస్తాను. తప్పు నాదని చెప్తాను, కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. ముందు నా పిల్ల కనపడనీ."

"పెద్ద డాక్టరుగారికి?"

"ఆయనకీ నేనే చెప్తాను. నువ్వు మధ్యలో దూరి నా మీదకి రానివ్వకుండా డొంకతిరుగుడు కబుర్లు చెప్పావో, ఊరుకోను."

"మరి నీది? నీ పద్నాలుగు?"

"నాదేంటి? నేను బాగానే ఉన్నాను. నిలబడ్డాను, నడుస్తున్నాను, నిన్ను తిడుతున్నాను. ఇంకేం కావాలి? నా సంగతి దాని చెవిన పడిందో, నీ పని చెప్తాను. ఒట్టు వెయ్."

"ఒట్లెందుకక్కా..."

"వెయ్యమన్నానా."

"నీ ఫోన్ మోగుతోంది."

"ఎవరు?"

"పాప."

"తియ్. నువ్వే తియ్, నా వేళ్ళు జారిపోతున్నాయి. స్పీకర్ పెట్టు. హలో, ఎక్కడున్నావే?"

"అమ్మా, ముందే చెప్తున్నాను, అరవకు. నేను పరుగుకి పోలేదు."

"పోలేదా? నిజంగా పోలేదా?"

"పోలేదు. ఫోన్ కూడా కావాలనే ఆపేశాను. ఇంక తిట్టు."

"తిట్టను. నీడలో ఉన్నావా?"

"ఏంటి?"

"నీడలో ఉన్నావా ఎండలో ఉన్నావా? కూర్చున్నావా, నిలబడ్డావా? ఏమైనా తాగావా పొద్దుట్నుంచి?"

"అమ్మా, ఏమైంది నీకు? నువ్వు తిట్టకపోతే నాకు భయంగా ఉంది."

"నీ రిపోర్టు తప్పమ్మా. ఫ్రిజ్ మీది కాగితం తప్పు. నీకు నిజంగానే జబ్బుంది. నువ్వు చెప్పిందంతా నిజం, మోకాళ్ళూ, వేళ్ళూ, అన్నీ. ఎనిమిది నెలలు నేను నిన్ను అబద్ధాలకోరుని చేశాను. వింటున్నావా? తల్లీ, ఉన్నావా లైన్లో?"

"ఉన్నాను."

"ఏడుస్తున్నావా?"

"లేదు. కొంచెం. మళ్ళీ చెప్పు."

"నువ్వు అబద్ధం ఆడలేదు."

"సరే. అది ఇంటికెళ్ళాక ఇంకోసారి చెప్దువుగాని, కాగితం చింపేటప్పుడు. ఇప్పుడు టైము లేదు."

"దేనికి టైము లేదు? ఎక్కడున్నావో చెప్పు, నేనూ మామయ్యా బండేసుకుని వస్తున్నాం. నేరుగా కీళ్ళ డాక్టరుకి చూపిద్దాం."

"కీళ్ళ డాక్టరు గది ముందే కూర్చున్నాను."

"ఏ ఆస్పత్రిలో?"

"మీ ఆస్పత్రిలోనే. కింద. ఏడున్నరకే వచ్చాను, ఆలస్యమైతే టోకెన్లు అయిపోతాయి."

"నేను నమ్మనని నీ అంతట నువ్వే వచ్చేశావా? నా మీద నమ్మకం పోయి?"

"నమ్మకం సంగతి కాదు. పోయినవారం నీళ్ళ సీసా మూత రావట్లేదని నాకిచ్చావు. నాకూ రాలేదు. ఇద్దరం దాన్ని చెరో చేత్తో పట్టుకుని నవ్వుకున్నాం. ఆ రోజునుంచి నీ వేళ్ళే చూస్తున్నాను. చన్నీళ్ళు తగిలితే తెల్లబడతాయి. నీ దిండు గలీబు నేనే ఉతుకుతాను, దాని మీద జుట్టు నా దిండు మీదకన్నా ఎక్కువుంటోంది. పౌడరు కింద బుగ్గలు ఎర్రగా ఉంటున్నాయి. డాక్టరు దగ్గరికి పోదామని ఒక్కసారంటే, నేను నార్మల్, నాకేంటి అన్నావు."

"నా సంగతి వదిలెయ్. ముందు నిన్ను చూడనీ ఆయన్ని."

"నన్నెలాగూ చూపించుకోనివ్వవని నా పేరు మీద టోకెను తీసుకోలేదమ్మా. ఇది నీ పేరు మీద తీసుకున్నాను, పదిహేడు. పదహారో ఆవిడ లోపలికెళ్ళింది, కిందికి రా."